అలిగిన నెమళ్లు, చీటీ లేని పేజీ

2023 వానాకాలం. కోరుట్లలో నా కంప్యూటర్ మరమ్మతు దుకాణానికి అప్పటికి పదిహేడేళ్లు. జగిత్యాల ఆఫీసుల్లో ప్రింటర్లు, సిరిసిల్ల మగ్గాల దగ్గర కంప్యూటర్లు బాగుచేస్తూ సగం బతుకు బస్సుల్లోనే గడిచింది. పక్క సీటువాళ్లకు కథలు చెప్పడం కూడా ఆ పనిలో భాగమే అనుకునేవాణ్ణి. గోరంత దొరికితే కొండంత చేస్తానని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. అది అన్యాయం. మహా అయితే జగిత్యాల ఖిల్లా అంత చేస్తానేమో.

ఆ ఏడు సిరిసిల్లలో చీరల అంచులకు డిజైన్లు గీసే సుజాత పిలిచింది. ఆమె డిజైన్లు ఫోన్ మెసేజీల్లో పోతూ పోతూ ఎవరెవరి చేతుల్లోనో పడుతున్నాయి.

"అన్నా, నా డిజైన్లు నా ఇంట్లనే ఉండాలె. నేను తలుపు తీస్తేనే ఎవలకన్న దొరకాలె," అంది.

ఆమె గదిలోనే ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చాను. సర్వర్ అంటే అడిగినవాళ్లకు ఫైళ్లు అందించే యంత్రం. ఒక్కో డిజైన్‌కు ఒక పబ్లిక్ లింక్, అంటే సుజాత పంపినవాళ్లు లాగిన్ లేకుండానే తెరవగలిగే చిరునామా, ఉంటుంది. అది నొక్కితే ఫోన్‌లో ఒక పేజీ తెరుచుకుంటుంది. అక్కడ ఫైలు దించుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసి మగ్గానికి పెట్టుకోవాలి.

మొదటిరోజు చూడవచ్చినవాళ్లలో లక్ష్మీరాజం కాక ఉన్నాడు. నాలుగు మరమగ్గాల ఆసామి. ఒక సేటు నూలు ఇస్తే చీరలు నేసి ఇచ్చే మనిషి.

"గిండ్ల మనం ఏం జెయ్యాలె తమ్మీ?" అని అడిగాడు.

నా నాలుక ఊరుకోలేదు. "పైలం కాకా. మొన్న గంభీరావుపేటల ఒకాయన గిసువంటి పేజీల తెలువక వేలు పెట్టిండు. జిల్లాల ఉన్న డిజైన్లన్నీ పోయినయ్. మగ్గం మీద సగం నేసిన నెమళ్లు గూడ లేచిపోయినయ్."

అందరూ నవ్వారు. కాక నవ్వలేదు. అది నేను గమనించలేదు.

నెల తర్వాత సుజాత ఫోన్ చేసింది. పెండ్లి చీరల అంచుకు ఎదురెదురు నెమళ్లు కావాలని సేటు అడిగితే, ఆమె పాత డిజైన్ మార్చి కాకకు లింక్ పంపింది. మగ్గం దిగిన చీరల మీద మాత్రం నెమళ్లు ఒకదానికొకటి వీపు చూపుతున్నాయి. పెండ్లి చీర మీద అలిగిన నెమళ్లేందని సేటు కోపం. నాలుగు రోజుల్లో సరైన చీర చూపకపోతే నూలు వేరేవాళ్లకు ఇస్తానన్నాడట. అంటే కాక నాలుగు మగ్గాలూ ఆగిపోయినట్టే.

"లింక్ తెరిచిన అంటున్నడన్నా. నీ సర్వరే పాతది పంపినట్టున్నది," అంది.

వేములవాడ మీదుగా బస్సెక్కి వెళ్లాను. సర్వర్‌లో తప్పేమీ లేదు. దాని లాగ్, అంటే రాకపోకల చిట్టా, ఒక్క సంగతి చెప్పింది: కొత్త ఫైలును ఎవరూ దించుకోలేదు. నేరుగా కాక ఇంటికి పోయాను.

"కాకా, లింక్ తెరిచినవా?"

"తెరిచిన."

"మరి దించుకోలేదా?"

"నువ్వే జెప్పితివి గదా, వేలు పెడితె అన్నీ పోతయని. చూసిన, మూసిన. పేరు పాతదాని తీర్గనే ఉండె. మునుపు సుజాత ఏసిచ్చిన పెన్‌డ్రైవ్‌ల ఉన్న పాతదే పెట్టిన."

పక్కనే కండెలకు నూలు చుడుతున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది: "నలభై ఏండ్ల సంది నా మాట ఒక్కటి ఇనలే. నీదైతె మంచిగ ఇన్నడు."

కాక ఫోన్ తీసుకుని ఆ పేజీని మొదటిసారి బయటివాడిగా చూశాను. అంతవరకూ దాన్ని నేను లోపలి నుంచే చూశాను. పైన లాగిన్ పెట్టె, అదీ ఇంగ్లీషులో. డిజైన్ ఉండాల్సిన చోట బూడిదరంగు కాగితం బొమ్మ. పాత పేరుకూ కొత్త పేరుకూ చివరి అంకె ఒక్కటే తేడా. దించుకునే గుర్తు పక్కనే చెరిపేసే గుర్తు. తొందరలో ఆ లింక్‌కు మార్పులు చేసే పర్మిషన్ కూడా ఇచ్చేశాను. కాక వేలు కాస్త పక్కకు పోయి ఉంటే ఫైలు నిజంగానే పోయేది. నా కథలో గోరంత నిజం ఉంది. అది నేనే పెట్టింది.

కాక లోపలికి పోయి ఒక బట్ట తాను తెచ్చి నా ముందు పెట్టాడు. దాని మీద చీటీ అతికించి ఉంది.

"ఇగో, ఎవలు నేసిండ్రు, ఏ రకం, ఎన్ని మీటర్లు. తాను ఇప్పకుండనే ఎరుకైతది. నీ పేజీకి చీటీ ఏది తమ్మీ?"

ఇద్దరం సుజాత ఇంటికి వెళ్లి కూర్చున్నాం. లింక్‌ను చూడటానికి, దించుకోవడానికి మాత్రమే పరిమితం చేశాను. చెరిపే గుర్తు పోయింది, లాగిన్ పెట్టె పోయింది. చీటీలాగా పైన అంచు బొమ్మ, కింద తెలుగులో డిజైన్ పేరు, గీసినవారు, తేదీ, తర్వాత ఒకే ఒక్క బొత్తం: 'దించుకోండి'. కాక తన బొటనవేలు తెర మీద ఆనించి చూపించాడు. "గింత ఉండాలె." బొత్తం అంతే పెద్దగా చేశాను.

"ఇంకేమన్న రాయాల్నా కాకా?"

"'ఇక్కడ ఏది నొక్కినా ఏదీ పోదు' అని రాయి. భయం నువ్వే పెట్టినవ్, నువ్వే తియ్యి."

రాశాను. మొదట నొక్కింది ఆయనే. మూడోరోజుకు ఎదురెదురు నెమళ్లు మగ్గం దిగాయి. సేటు నూలు ఆగలేదు.

తలుపు చేసినవాడు ఒకసారి బయట నిలబడి తట్టి చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ పేజీ చేసినా ముందు ఇంకొకరి ఫోన్‌లో తెరిచి, వాళ్ల వేలు ఎటు పోతుందో చూస్తాను. అలిగిన నెమళ్ల చీరముక్క ఒకటి నా దుకాణంలో తెరగా వేలాడుతోంది. దాని కథ అడిగినవాళ్లకు చెబుతూనే ఉన్నాను. ఏటేటా నెమళ్లు పెరుగుతున్నాయి, సేటు కోపమూ పెరుగుతోంది. ఆ పేజీ అడుగున రాసిన మాట మాత్రం పెరగలేదు, తరగలేదు. నేను చెప్పినవాటిలో, రాసినవాటిలో అలా నిలిచింది అదొక్కటే, అది కూడా కాక చెప్పిన మాట.