చప్పుడు లేని పెళ్లికారు

మా తాతయ్య వెయ్ షౌచెంగ్ కారు స్టార్ట్ చేస్తే ల్యూ నది రెండుగా చీలి దారి ఇస్తుంది. ఆ మోతకు మూడు వీధుల కోళ్లు వేళకాని వేళ గుడ్లు పెడతాయి. నమ్మకం లేకపోతే ల్యూజోవ్ శివార్లలో మా సందుకు వచ్చి కోళ్లనే అడగండి.

అదొక నల్లటి పాత పెట్రోలు కారు. మా సందులో ఎవరి పెళ్లయినా, పెళ్లికూతుర్ని తెచ్చే కార్ల వరుసకు అదే ముందు నడవాలి. ఆ మోతతో వచ్చిన కోడలు కాపురం వదిలి పోదని మా వాళ్ల నమ్మకం. పోయినవాళ్లు లేకపోలేదు. వాళ్ల మాట తాతయ్య ముందు ఎవరూ ఎత్తరు.

ఈ ఏడు మా అన్నయ్య వెన్‌ఖాయ్ పెళ్లి కుదిరింది. అప్పటికి సందులో అన్నీ కరెంటు కార్లే అయిపోయాయి. ఆకుపచ్చ నంబరు ప్లేట్లు పెట్టుకుని, సెలైన్ ఎక్కించుకునే రోగుల్లా వరుసగా వైర్లు తగిలించుకుని నిలబడి ఉంటాయి. పెట్రోలు కార్లకుండే నీలం ప్లేటు తాతయ్యదొక్కటే మిగిలింది. కాబోయే వదిన ఛింగ్‌యాకు కూడా గులాబీ రంగు కరెంటు కారు ఒకటుంది, అగ్గిపెట్టెకు చక్రాలు తగిలించినట్టు.

"తాతయ్యా, ముందు కారు నువ్వే నడుపు," అన్నాడు అన్నయ్య టీ పోస్తూ. "కానీ నీది కాదు, నా కొత్తది. ఛింగ్‌యాకు పెట్రోలు వాసన పడదు. దారంతా వాంతులే."

"చప్పుడు లేకుండా తెస్తే, పిల్లను ఎత్తుకొచ్చామనుకుంటార్రా!"

"నీ కారూ దగ్గుతుంది, నువ్వూ దగ్గుతావు," అంది నాయనమ్మ వెదురు మొలకలు తరుగుతూ. "దగ్గేది ఎవరో తెలియక ఆ పిల్ల బెదిరి చస్తుంది."

తాతయ్య అలిగాడు. కారు మీద టార్పాలిన్ కప్పేసి, మళ్లీ దాని ముఖం చూడలేదు. మనవడి పెళ్లిలో ఆయన ముందుంటాడా, అసలు వస్తాడా అన్నదే ఇంట్లో అందరి బెంగ. అన్నయ్యకు అన్నం కూడా సయించలేదు. తీరా పెళ్లినాటి పొద్దున చూస్తే, తాతయ్య కొత్త కోటు తొడుక్కుని, అన్నయ్య కరెంటు కారులో స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఊరికే, సీటు ఎలా ఉందో చూద్దామని," అన్నాడు. ఇక దిగలేదు.

పెళ్లికూతుర్ని తెచ్చే కార్లు వెళ్లిన దారిన వెనక్కి రాకూడదు. టపాకాయలు పేలకముందు ఆ పిల్ల కాలు నేలకు తాకకూడదు. టపాకాయలు పేల్చే పని సందు మలుపులో ఉండే నోంగ్ మామది. తాతయ్య ఇంజను మోత చెవిన పడగానే అగ్గిపుల్ల గీయడం ఆయనకు అలవాటు. ఈసారి ఆ మోత ఉండదని ఆయనకు చెప్పాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

నేను గుమ్మంలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాను. తలెత్తితే ఎదురుగా పెళ్లికూతురు! ఆరు కార్లూ పిల్లుల్లా వచ్చి వాకిట్లో నిలబడ్డాయి. అమ్మ జుట్టుకు ఇంకా రోలర్లే ఉన్నాయి. నాయనమ్మ ఇంటి చెప్పుల్లోనే పరుగెత్తుకొచ్చింది.

"దిగమంటారా అత్తయ్యా?" అంది ఛింగ్‌యా కారు తలుపు తీస్తూ.

"దిగకు తల్లీ, దిగకు! టపాకాయలేవీ?"

నోంగ్ మామ మలుపులో పేకాటలో మునిగి ఉన్నాడు. ఆటలో ఉంటే పేరు పెట్టి పిలిచినా పలకడు. పరుగెత్తి చెబుదామంటే కార్లు సందంతా మూసేశాయి, వెనక్కి తీద్దామంటే ఆచారం ఒప్పదు. అన్నయ్య తాతయ్య పక్కనుంచి చెయ్యి చాచి హారన్ కొట్టాడు. అది కీచుమంది. ఎవరికో నూడుల్స్ తెచ్చిన కుర్రాడి స్కూటర్ అనుకుని నోంగ్ మామ తల కూడా తిప్పలేదు.

ఛింగ్‌యా ఒక కాలు గాల్లో పెట్టుకుని ఏడుపు ముఖంతో కూర్చుంది.

తాతయ్య కారు దిగి, ఎవరి వంకా చూడకుండా పెరట్లోకి నడిచాడు. టార్పాలిన్ లాగి, పాత కారులో కూర్చుని తాళం తిప్పాడు. టిక్కుమంది, అంతే. అలిగి ఇన్నాళ్లు ముట్టుకోకపోయేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. పెట్రోలు కారు ప్రాణం కూడా బ్యాటరీలోనే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మరోరోజైతే ఆ మాట పైకే అనేదాన్ని.

తాతయ్య వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు. ముందు కొంచెం మూలిగాడు. తర్వాత దగ్గాడు, ఆగాడు, మళ్లీ దగ్గాడు. ఆ పైన గుర్రున అందుకున్నాడు, మెడ నరాలు ఉబ్బేలా.

"వచ్చేశాడు! షౌచెంగ్ వచ్చేశాడు!" అని మలుపులో కేక. పేక ముక్కలు ఎగిరాయి. మరుక్షణం టపాకాయలు సందంతా దద్దరిల్లేలా పేలాయి. ఛింగ్‌యా నవ్వు ఆపుకోలేక తాతయ్య భుజం పట్టుకుని దిగింది.

ఇప్పుడు సందులో ఏ పెళ్లయినా కరెంటు కార్లే వెళతాయి. ముందు కారులో మాత్రం తాతయ్య ఉండాలి. మలుపు రాగానే కిటికీ దించి ఇంజను మోత అందుకోవాలి. పిలుపులతో తీరిక లేదాయనకు.

ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. పంపరపనస ఒలుచుకుంటూ చివరిదాకా విన్నాడు.

"దగ్గింది నేను కాదు, కారు," అన్నాడు. "నేను దాన్ని ఉన్నదున్నట్టు చేసి చూపించానంతే. బడికి సరిగ్గా వెళ్లుంటే నీకా తేడా తెలిసేది."