బాబాయి వంతు

పేము కుర్చీ అల్లికలో మా బాబాయిదీ పిన్నిదీ ఎవరి వంతు వారిదే. సొంత బాబాయి కాదు. నా వడ్రంగి షెడ్డుకీ ఆయన షెడ్డుకీ మధ్య ఒక్క రేకే అడ్డం. కుర్చీల విరిగిన కాళ్ళూ చేతులూ నేను బాగుచేసి అటు పంపితే, కూర్చునే చోటును వాళ్ళిద్దరూ పేము బద్దలతో అల్లేవారు.

కుర్చీని రెండు ఎత్తు బల్లల మీద అడ్డంగా నిలిపేవారు. బాబాయి పైన. పిన్ని ఆ బల్లల మధ్య, కింద పీట వేసుకుని. చట్రం చుట్టూ ఉన్న చిల్లుల్లో ఒకదాంట్లోంచి ఆయన బద్దను కిందికి దించేవాడు. ఆమె అందుకుని బిగలాగి, పక్క చిల్లులోంచి పైకి తోసేది. ఆయన దాన్ని అవతలి అంచుదాకా తీసుకెళ్ళి మళ్ళీ దించేవాడు. మొదట్లో ఒకరి మొహం ఒకరికి కనిపించేది. అల్లిక చిక్కబడే కొద్దీ మొహాలు మరుగయ్యేవి, తర్వాత వేళ్ళు కూడా. చివరికి మాటే మిగిలేది. అదీ తక్కువేం కాదు. ఆయన కాస్త ఆలస్యం చేస్తే, "పైన కూర్చున్నంత మాత్రాన దొరలైపోరు, బద్ద వదలండి" అనేది. "కిందుండి కూడా నా నెత్తినే ఎక్కుతావు" అనేవాడు ఆయన. రేకు ఇవతల నాకు నవ్వొచ్చి రంపం గీత తప్పేది.

వానలు మొదలైన రోజుల్లో పిన్ని పోయింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయాక బాబాయి షెడ్డు తలుపు తీశాడు. పొద్దున్నే లేస్తున్నాడు, వేళకు వస్తున్నాడు, వేళకు ఇంటికి పోతున్నాడు. మనిషి మాత్రం చిక్కిపోతున్నాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు. గట్టి మనిషి, తట్టుకున్నాడు అని వీధంతా అనుకుంది.

వాళ్ళ కూతురు ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. రెండు వీధుల అవతలే ఉంటుంది. సెలవు రోజున వచ్చి తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఒంట్లో రోగం లేదన్నాడట డాక్టరు. ఇది దిగులు, ముదిరితే మంచం పట్టిస్తుంది, మందు రాస్తాను గానీ పాత అలవాట్లు మాత్రం మాననివ్వకండి, రోజూ చేసే పనులు రోజూ చేయనివ్వండి అన్నాడట. ఆ మాటతో ఆ పిల్లకు ప్రాణం కుదుటపడింది. నాన్న ఏదీ మానలేదు కదా అని నాతో అంది.

నిజమే, మానలేదు. తండ్రిని దింపడానికి ఇంట్లోకి వెళ్ళి చూస్తే ఆ పిల్లకు తెలిసింది. పొయ్యి వెలిగించి ఎసరు పెట్టడం ఆయన వంతు. పెట్టాడు. బియ్యం కడిగి పొయ్యడం పిన్ని వంతు. నీళ్ళు మరిగి ఇగిరిపోయి గిన్నె అడుగు మాడి ఉంది. బట్టలు నానబెట్టడం ఆయన వంతు. బకెట్లో నానినవి నానినట్టే ఉన్నాయి, దగ్గరికి పోలేం. కూరగాయలు తేవడమూ ఆయనదే. గోడ వారన సంచీలు, ఒకదాని కింద నీరు కారుతోంది. పక్క దులిపి పరవడం మాత్రం పిన్నిది. ఆమె చుట్టిపెట్టిన పక్క మంచం మీద అలాగే ఉంది. ఆయన నేల మీద పడుకుంటున్నాడు.

ఏం తింటున్నావు నాన్నా అని అడిగితే, ఏదో తింటున్నాలే అన్నాడు.

కూతురు ఇంకేమీ అడక్కుండా ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చింది. నన్నూ పిలిచింది. లోపల కుర్చీలు వరసగా ఉన్నాయి. పైనుంచి చూస్తే ప్రతి చిల్లులోనూ బద్ద ఉంది, ఎక్కడా వరస తప్పలేదు. వంగి కింద చూశాను. బద్దలన్నీ గడ్డంలా వేలాడుతున్నాయి. ఒక్కటీ బిగలాగింది కాదు, ఒక్కటీ మళ్ళీ పైకి వచ్చింది కాదు. ఎండి పెళుసెక్కాయి. ఒక కుర్చీకి తన సగం చేసి పక్కన పెట్టడం, ఇంకో కుర్చీ ఎత్తుకోవడం. ఇన్నాళ్ళూ రేకు ఇవతల నాకు వినిపించిన పని ఇదన్నమాట.

కూతురు చెప్పులు విడిచి, చేతులు పైకి మడిచి, దూరి ఆ పీట మీద కూర్చుంది. నేను లాగుతాను, వదులు అంది. బాబాయి బద్ద చేతిలోకి తీసుకున్నాడు గానీ దించలేదు.

"లే అమ్మా, అక్కణ్ణుంచి" అన్నాడు.

"అమ్మ అందుకుంటుందనా వదులుతున్నావు?"

"అందుకోదని తెలుసు."

"మరి?"

ఆయన బద్దను వేళ్ళ మధ్య తిప్పాడు. "నా వంతు కూడా ఆపేస్తే, ఇక ఇద్దరం లేనట్టే కదే" అన్నాడు.

ఆమె లేవలేదు. వేలాడే ఆ బద్దల మధ్యే మొహం దాచుకుని ఏడ్చింది. కాసేపటికి బయటికి వచ్చి, ఇలాగైతే షెడ్డు మూయించి మా ఇంటికి తీసుకుపోతానంది. షెడ్డు లేకపోతే నువ్వు బతకవని తెలుసు, ఉన్నా బతికేట్టు లేవు, నన్నేం చెయ్యమంటావు అంది.

మర్నాడు పొద్దున్నే బాబాయి నా గుమ్మంలో నిలబడ్డాడు. చెక్క చీలలు కొన్ని కావాలన్నాడు, కొస సన్నగా, చిల్లులో దిగేట్టు. ఒంటరిగా అల్లేవాళ్ళు వాడేవి అవి. చిల్లులో చీల దిగ్గొడితే అదే బద్దను జారకుండా పట్టుకుంటుంది. పెళ్ళికి ముందు తాను అలాగే అల్లేవాణ్ణని చెప్పాడు. గట్టి చెక్క చూసి చెక్కి ఇచ్చి, ఆయన వెనకే షెడ్డు గుమ్మందాకా వెళ్ళాను.

ఒక కుర్చీని బల్లల మీంచి దించి, ఎండిన బద్దలన్నీ కోసేశాడు. కొత్తవి నీళ్ళలో వేశాడు. అవి నానాక కుర్చీని మోకాళ్ళ మీద పెట్టుకుని మొదటి బద్ద దించాడు. చెయ్యి కిందికి పోనిచ్చి, తడుముకుని, తనే లాగాడు. చీల కొట్టాడు. బిగిసింది. రెండోదీ బిగిసింది. ఆ తర్వాత నుదురు చట్రానికి ఆనించి ఏడ్చాడు. పిన్ని పోయాక ఆయన ఏడవడం అదే మొదలు. డ్యూటీకి పోతూ అన్నం గిన్నె ఇద్దామని వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగింది. నేను లోపలికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

చాలాసేపటికి ఆయన తలెత్తాడు.

"అక్కడ పెట్టి వెళ్ళమ్మా, తింటాను. ఈ బద్దలు ఆరిపోతున్నాయి" అన్నాడు.

తడి ఆరితే పేము వంగదు, విరుగుతుంది. కళ్ళు తుడుచుకోకుండానే ఇంకోటి అందుకున్నాడు.