అత్తమ్మను వాగుకు తీసుకుపోయిన ఉదయం

మా అత్తమ్మ బాప్తిస్మం కావాలని అడిగేనాటికి ఆమెకు నడక పోయింది. గుండె బలహీనపడింది, ఎక్కువ కాలం ఉండదని భద్రాచలం దవాఖానాలో చెప్పి ఇంటికి పంపారు. మా సంఘంలో తల మీద నీళ్లు చల్లే పద్ధతి లేదు. పారే నీటిలో ముంచాలి. వాగు దాకా ఆటో దిగదు. మిరప తోటలో తిరిగే మా చిన్న ట్రాక్టరే గతి.

ఆదివారం తెల్లవారి ట్రాలీలో పరుపు వేస్తుంటే బామ్మర్ది వచ్చాడు. మా విశ్వాసం అతనిది కాదు. తల్లి నిర్ణయం నచ్చక కొన్నాళ్లుగా మా గడప తొక్కలేదు. వస్తూనే ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు.

"బావా, ఇది చూసినవా?"

స్టీరింగ్ రాడ్డు చివర, చక్రాన్ని తిప్పే కీలుకు దుమ్ము తగలకుండా తొడిగే రబ్బరు బూటు చీలి వేలాడుతోంది. లోపలి గ్రీజు బురదయింది.

"మొన్న బాగనే ఉండె," అన్నాను.

"ఎందుకుంటది? ఏటేటా ప్రార్థన చేసి కీళ్లకు కొబ్బరినూనె పోస్తివి. నీ నూనె దేవునికి నచ్చుతదేమో, రబ్బరుకు పడదు. ఎట్ల ఉబ్బి మెత్తబడ్డదో చూడు."

కోతకు ముందు బండిని దేవునికి అప్పగించి నూనె రాయడం మా అలవాటు. నేను చక్రాలతో సరిపెట్టక కీళ్లన్నిటికీ పోసేవాణ్ని.

"సంఘపోళ్లందరూ వాగు కాడ ఎదురుచూస్తున్నరు. మెల్లగ పోదాం."

"ఇసుక చేరిన కీలు అది. దిగుట్ల చెయ్యిచ్చిందంటే అమ్మ నీ దేవుని కాడికి జల్దీనే పోతది. మా కాడ ఇంకొన్నాళ్లు ఉండనీ."

తన బండి కోసం తెచ్చిపెట్టుకున్న బూటును ఇంటికి పోయి తెచ్చాడు. జాకీ పెట్టి చక్రం లేపాం. నేను పిన్ను లాగి నట్టు విప్పాను. అతను పక్క నుంచి సుత్తితో కొడితే కీలు ఊడింది. డీజిల్‌తో కడిగి, కీలులోని ఇనుప గుండును వేళ్లతో అటూ ఇటూ తిప్పి చూశాడు. అది అరిగి ఉంటే ఆ రోజు ప్రయాణం లేదు. అత్తమ్మకు మరో ఆదివారం ఉంటుందో లేదో. ఆ వేళ్లనే చూస్తూ లోలోపల ప్రార్థించాను.

"వదులు లేదు," అన్నాడు.

కొత్త గ్రీజు నింపి, బూటు తొడిగి, దాన్ని పట్టి ఉంచే రింగు సరిగా కూర్చోబెట్టాడు. నట్టు బిగించి కొత్త పిన్ను వేశాను.

అరుగు మీది మంచంలోంచి అత్తమ్మ కేక వేసింది.

"ఏందిరా, పెండ్లికొడుకును తయారు చేస్తున్నరా? ఎండెక్కుతున్నది."

"అయిపోయిందమ్మా," అన్నాడు బామ్మర్ది.

బండి తానే నడిపాడు. దిగుడులో దారి మీద నుంచి చూపు తిప్పలేదు. వాగు దగ్గర ఆగి, సీటు దిగకుండా మోదుగు చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. పాస్టరుగారూ నేనూ అత్తమ్మను ఎత్తుకుని నీళ్లలోకి దిగాం. నడుము లోతుకు వెళ్లి నిలబెట్టబోతే ఆమె కాళ్లు పూర్తిగా జారిపోయాయి. మా ఇద్దరి చేతుల్లో ఆమె నిలవలేదు.

వెనక నీళ్ల చప్పుడైంది. బామ్మర్ది చెప్పులతోనే వచ్చి తల్లి వీపు కింద చెయ్యి పెట్టాడు. పాస్టరుగారు ప్రభువు నామం పలికారు. ముగ్గురం కలిసి ముంచి లేపాం. అందరూ ఆమేన్ అన్నప్పుడు అతని పెదవులు కదలలేదు. చెయ్యి మాత్రం తీయలేదు.

"చలి పెడుతున్నదా అమ్మా?"

"లేదు బిడ్డా," అంది అత్తమ్మ, అతని భుజం మీద తల వాల్చి. "ఇంటికి పోదాం పట్టు."