ముఖానికి చేతులు అడ్డుపెట్టుకున్నవాడు

స్వర్ణలత మా మేడమీది గదిలో అద్దెకు దిగింది ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు సాగుతున్న ఏడు. ఉప్పల్ రోడ్డు మీద తారు కరిగి చెప్పులు అంటుకుపోయే ఎండాకాలం అది. ఆమెది నేతపనికి పేరున్న కొయ్యలగూడెం. తండ్రి నూలుకు రంగులద్దేవాడు. దండెం మీది చీరలు వెలిసిపోతుంటే, "ఎండ రంగును ఎందుకు తింటది బాపూ?" అని చిన్నప్పుడు ఆయన్ని విసిగించేదట. ఆ ప్రశ్న వెంటే ఎమ్మెస్సీ దాకా వెళ్లి, నాచారంలో ఓ చిన్న కంపెనీ ల్యాబులో చేరింది.

టీవీ తెరలో ప్రతి చుక్క వెనకా కరెంటును ఆపి వదిలే ట్రాన్సిస్టర్ అనే బుల్లి స్విచ్చి ఉంటుందట. అలాంటివాటిని గాజు మీద కంటికి కనబడని పూతగా పూస్తే కిటికీ అద్దమే తెర అవుతుంది. చిక్కల్లా ఎండతోనే. ఆమె తయారుచేసిన పూత ఎండలో పెడితే స్విచ్చిలు వాటంతటవే తెరుచుకునేవి, నాలుగు రోజులకు చచ్చిపోయేవి. వానలు పడేలోగా ఎండకు తట్టుకునే పదార్థం చూపించకపోతే ఆ పని ఆపేసి, ఆమెను మందుబిళ్లల తనిఖీకి పంపుతానని మేనేజరు గిరిప్రసాద్ చెప్పేశాడు.

నాచారంలో పొగ ఎక్కువని అద్దాన్ని మా డాబా మీద పిట్టగోడకు ఆనించేది. డాబా తాళంచెవి ఆమె కొంగునే ఉండేది. నాకు ఆ అద్దంలో వెనకున్న గోడ తప్ప ఏమీ కనబడేది కాదు. సాయంత్రం లోపలికి తెచ్చి స్విచ్చిలన్నీ పరీక్షిస్తే, కంప్యూటర్ తెర మీద చచ్చినవి నల్లగా, బతికినవి తెల్లగా పడేవి.

ఒకరోజు పిలిచింది. "తాతా, జర ఇటు రా. నవ్వొద్దు మల్ల."

తెరంతా నలుపు. నడుమ తెల్లగా ఒక తల, భుజాలు, నడుము.

"మా బాపు నూలుకు కట్టు కడతడు. కట్టిన కాడ రంగెక్కది. గిది గూడ గట్లనే ఉంది. ఎవడో ఎండకు అడ్డం నిలబడ్డడు."

"డాబా మీద ఊరికే కూర్చుంటే కుదరదు, ఏదైనా పని చూసుకోమని మొన్న మా దయ్యాన్ని నేనే తిట్టానమ్మా," అన్నాను. ఇలాంటి మాటలకే చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నన్ను మోకాళ్ల మీద నిలబెట్టేవారు. స్వర్ణలత నవ్వలేదు. నీడ పడ్డచోటే బతికాయంటే, ఎండ తగిలినవన్నీ చచ్చినట్టే కదా.

పక్కన బుచ్చిరాములు కట్టుకుంటున్న ఇంటికి దిష్టిబొమ్మ వేలాడుతోంది. గడ్డి కూరిన ప్యాంటూ చొక్కా, కుండ తల. నీడ దానిదేనని తేల్చుకుని వెళ్లి అడిగాం.

"మా ఇంటికి దిష్టి తగల్లేదు గానీ నీ గాజుకు తగిలిందా బిడ్డా! తీస్త తియ్, ఫికర్ జెయ్యకు," అని అప్పటికప్పుడే దించేశాడు.

కొత్త అద్దం పెట్టింది. తెర మీద మనిషి మళ్లీ పడ్డాడు. బొమ్మ చేతులు చాచి ఉండేది. వీడి మోచేతులు తలకు రెండు పక్కలా పొడుచుకొచ్చాయి. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మెట్ల గది గుమ్మంలో కూర్చుని కాపలా కాశాం. అద్దం నిండా ఎండ. చుట్టూ ఎక్కడా ఏ నీడా లేదు. లేచి వెళ్లి అద్దం మీద చెయ్యి వేశాను. అంచులు చుర్రుమన్నాయి. నడుమ మాత్రం కుండ పొట్టలా చల్లగా ఉంది. ఆపైన నేను పరాచికాలాడలేదు.

ఆ సాయంత్రం స్వర్ణలత తెర ముందు చాలాసేపు కూర్చుంది. "ముఖం కాల్తదని అడ్డం పెట్టుకున్నడు తాతా," అంది మెల్లిగా. తన పదార్థం అణువును కాగితం మీద గీసి చూపించింది. పక్కపక్కనే వలయాలు. వెలుగు చాలావరకు దూసుకుపోయేలా ఆ వరుసను ముందే కురచ చేసిందట. కానీ మిగిలిన కాస్త వెలుగుతోనే గాలిలోని ఆక్సిజన్ వచ్చి నడిమి వలయాన్ని కొరుకుతోందట.

"దీని ముఖం గీ నడిమిదే. నేనేమో ఉత్తగనే ఎండల నిలబెట్టిన."

నడిమి వలయానికి అటొకటి ఇటొకటి లావాటి కొమ్మలు తగిలించి కొత్త అణువు కట్టింది. ఆ అద్దం తొలకరి దాకా డాబా మీదే ఉంది. తెర మొత్తం తెలుపే. ఏ మనిషీ పడలేదు.

గిరిప్రసాద్ స్వయంగా చూడటానికి వచ్చాడు. "ఇది నిజంగా ఎండలోనే ఉందా, తాతగారి మంచం కింద పెట్టారా?" అన్నాడు. మళ్లీ మళ్లీ పరీక్ష చేయించి, పని ఆపడం లేదని చెప్పి వెళ్లాడు.

వానలు బాగా పట్టాక, నల్లకాగితం చుట్టి అలమరలో దాచిన, మోచేతుల మనిషి పడ్డ పాత అద్దాన్ని స్వర్ణలత ఓసారి పరీక్షించింది. చచ్చిన స్విచ్చిలు మళ్లీ బతకవని ఆమే చెప్పేది. నన్ను కేకేసి పిలిచింది.

మనిషి అక్కడే ఉన్నాడు. మోచేతులు లేవు. చేతులు రెండూ కిందికి దించుకున్నాడు. ముఖంలో పక్కపక్కనే రెండు నల్ల చుక్కలు. మావైపే.

"తాతా, గీయన ఎవలు?"

నేను తెర దగ్గరికి వంగి చూశాను.

స్వర్ణలత అద్దానికి మళ్లీ నల్లకాగితం చుట్టబోయి ఆగింది. దాన్ని తీసుకెళ్లి ఎండ రాని ఉత్తరపు కిటికీకి ఆనించింది.

"ఇగ ఎండల నిలబడకు అన్నా," అంది.