హైమావతి గారూ, ఒక ఉప్పునీటి కారూ

కొత్త కారు తలుపు తీయగానే సీట్ల మీది ప్లాస్టిక్ వాసన గుప్పుమంటుంది. మచిలీపట్నం షోరూములో రోజూ పీల్చే వాసనే అయినా, అది తగిలినప్పుడల్లా నాకు హైమావతి గారు గుర్తొస్తారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గుడివాడలో నేను కార్లమ్మే ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడ మా సర్వీసు మేనేజరు. మాట కటువు, మనసు వెన్న. కారు అప్పగించే రోజున మేమంతా దండలు, నిమ్మకాయల హడావిడిలో ఉంటే, ఆవిడ కొన్నవాళ్లను కూర్చోబెట్టి వారంటీలో ఏవి రావో ముందు చెప్పేవారు. టైర్లు అరిగితే రాదు, ఎక్కడైనా గుద్దితే అది ఇన్సూరెన్సు సంగతి, తయారీలో లోపముంటేనే కంపెనీ బాధ్యత. "శుభమా అని కారు కొంటుంటే ఈ అపశకునం మాటలేంటండీ" అని నేను విసుక్కునేదాన్ని. "పెళ్లికి ముందే అన్నీ మాట్లాడుకోవాలమ్మాయ్" అనేవారు.

నేను అమ్మిన మొదటి కారు నాగాయలంక రొయ్యల రైతు వెంకటరత్నం గారిది. కొద్ది నెలలకే దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. ఏసీ పనిచేయదు, లైట్లు వెలగవు. "ఊరికే ఆగిపోయిందండీ. వారంటీ ఉందిగా" అన్నారాయన. అంతకుముందు వేసిన రొయ్యల పంట వైరస్‌తో పోయింది. కంపెనీ కాదంటే కారు అమ్ముకోవడం తప్ప ఆయనకు దారి లేదు. మెకానిక్కు కింది మ్యాటు ఎత్తితే ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

హైమావతి గారు ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించారు. "కంగారు పడకండి బాబాయి గారూ. మొదట ఏం జరిగిందో చెప్పండి."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, చెప్పేశారు. ఏసీ చల్లదనానికి బతుకుతాయని రొయ్యపిల్లల సంచులు వెనక సీట్లో పెట్టుకుని బయలుదేరారట. దారిలో ఏసీ ఆగింది. పిల్లలు చచ్చిపోతాయన్న కంగారులో సంచులు దించబోతే ఒకటి చిట్లి, ఉప్పునీళ్లన్నీ సీటు కిందికి పోయాయి. "ఉప్పునీళ్లని చెబితే వారంటీ మొత్తం పోద్దన్నారండీ మావాళ్లు."

నేను ఆవిడను పక్కకు పిలిచి, కంపెనీకి పంపే కాగితంలో ఆ నీళ్ల సంగతి రాయకపోతే ఏమండీ అన్నాను. "రాయకపోతే ఆ ఉప్పు చూసి అంతా నీళ్ల వల్లే అంటారు. ఏసీ ముందే ఆగిందిగా, అది కంపెనీ లెక్క. ఉన్నదున్నట్టు రాద్దాం" అన్నారు.

కంపెనీ మనిషి వచ్చినప్పుడు, ఏసీ ముందే ఆగిందని ఆవిడ పట్టిన పట్టు విడవలేదు. ఏసీ కంప్రెసరులో లోపం తేలింది, ఉచితంగా మార్చారు. ఉప్పుకు పాడైన వైర్లు మాత్రం ఆయనే వేయించుకున్నారు. కారు మళ్లీ నాగాయలంక దారి పట్టిన రోజున ఆవిడ మీద నాకు ప్రేమ పుట్టింది, అంతే.

ఇప్పుడు వారంటీ గొడవలు నా బల్ల దగ్గరికే వస్తాయి. కట్టుకథ వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది. అయినా ముందు కుర్చీ చూపిస్తాను. మొన్న మా అమ్మాయి పరీక్ష తప్పి, ఇంటికొచ్చి పొంతనలేని కబుర్లు చెప్పింది. తిట్టబోయి ఆగాను. పక్కన కూర్చుని, "మొదట ఏం జరిగిందమ్మా" అన్నాను. అది నా భుజం మీద తలపెట్టి, మొదటి నుంచీ చెప్పుకొచ్చింది.