చిన్నాయన దాచిన గడియారాలు

మా చిన్నాయన పోయాడు. మార్కాపురంలో పొద్దున్నే కాఫీ తాగి, చక్కెర ఎక్కువైందని చిన్నమ్మను తిట్టి, గ్లాసు కింద పెట్టి, అట్లే పక్కకు ఒరిగిపోయాడు. ఆయన కొడుకు, నాకు తమ్ముడు, ఫోన్లో ఏడుస్తూనే ఇంకో మాట కూడా అడిగాడు. "అన్నా, బీరువా తాళాలు నాయన మొలతాడుకే ఉండాయి. తీసుకోమంటావా?"

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. ఆ నియమం పెట్టినవాడెవడో గాని బతికున్నవాళ్లను పట్టించుకోలేదు. ఆయనంటే నాకు ప్రాణం. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆయన పలకల వ్యాపారి. గనుల నుంచి రాయి తెప్పించి, కోయించి, చెక్క చట్రాలు బిగించి నానా ఊళ్లకూ పంపేవాడు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. అంచు విరిగిన పలకలను పారేయనిచ్చేవాడు కాదు. మూట కట్టి పుల్లలచెరువు వైపు బడులకు బస్సులో వేయించేవాడు. "అంచు ఇరిగితే ఏంది, నడిమధ్యన 'అ' పడదా?" అనేవాడు. పలకల దుమ్ము పీల్చి దగ్గే కూలీల గురించి నేను పత్రికలో రాసినప్పుడు మొదట తిట్టింది ఆయనే. తోటి వ్యాపారులు గుంపుగా నా మీదికి వస్తే అంగడి మెట్ల మీద నిలబడి, "మావాడు వాగుడుకాయే గాని అబద్ధాలకోరు కాదు, పోండి" అన్నదీ ఆయనే. నాకు దక్కిన బిరుదుల్లో దానికి మించింది లేదు.

పలకలకు గిరాకీ పడిపోయాక ఇళ్లలో పరిచే రాయి విదేశాలకు ఎగుమతి చేశాడు. అక్కడ రాయి కొనే పెద్దమనిషి ఒకడు ఆయన చెవిలో ఊదాడు: ఫలానా రకం చేతిగడియారాలు కొని కదపకుండా దాచితే పొలం కంటే, బంగారం కంటే తొందరగా రేటు పెరుగుతుందని. ఇక రాయి మీద వచ్చిందంతా స్విస్ గడియారాల్లోకే పోయింది. గోదాము మూతపడింది, బీరువా నిండింది. ఒక్కటీ చేతికి పెట్టుకోలేదు.

"టైమెంతరా?" అని నన్నే అడిగేవాడు.

"బీరువా నిండా పెట్టుకోని నన్నడుగుతావేంది చిన్నాయనా?"

"వాడితే వస్తువు, దాస్తే సొమ్ము. నీకు ఏదీ దాచుకోను చేతకాదు, కడాకి మాట గూడా."

ఇవాళ ఈ బోధ చేయడానికి విదేశీయుడు అక్కర్లేదు, ప్రతి ఫోనూ చేస్తోంది. ఏ గడియారం కొంటే ఎన్నాళ్లకు ఎంతవుతుందో చెప్పే కుర్రాళ్లు కోకొల్లలు. చేతికి కట్టుకుంటే విలువ పోయే గడియారం, కాపురముంటే పాతబడే ఫ్లాటు! మనిషికి అక్కరకు వచ్చిన క్షణంలో రేటు పడిపోయేదాన్ని ఆస్తి అని పిలిచే బుద్ధికి నేను దండం పెట్టలేను. ఆయనతో ఇదే అంటే, "నువ్వు ఉపన్యాసాలమ్ముకో, ఎవురు ముందు బాగుపడతారో చూద్దాం" అని అన్నంలోకి ఇంకో గరిటె నెయ్యి పోయించేవాడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. తర్వాత చిన్నమ్మ స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది. చిన్నాయన నాటుకట్టు కట్టించి సరిపెట్టాడు. ఎముక వంకరగా అతుక్కుంది. గుంటూరు డాక్టరు చూసి, కీలు మార్పిస్తే మళ్లీ నడుస్తుందన్నాడు. ఒక్క గడియారం అమ్మితే చాలు.

"ఇప్పుడు మార్కెట్టు పడుండాది. అమ్మితే నష్టం. కొన్నాళ్లు ఓర్చుకో, రేటు ఎక్కతాది."

"నా తుంటికి గూడా రేటు ఎక్కతాదా?" అంది చిన్నమ్మ.

ఆయన నవ్వాడు. ఆ ఒక్క నవ్వును నేను క్షమించను. డబ్బు నేను తెస్తానంటే చిన్నమ్మ ఒప్పుకోలేదు. "ఆ మనిషి ఉండంగా నీ దగ్గర తీసుకుంటే బజార్లో తలెత్తుకుంటాడా నాయనా?" అంది. అరచేతులు నేలకు ఆనించి, కూర్చున్నచోటి నుంచే జరగడం నేర్చుకుంది. ఆమె అట్లా వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసరికి ఆయన గడియారాల సంచులు విప్పి, మెత్తటి గుడ్డతో దుమ్ము దులుపుతూ ఉండేవాడు. "నేను పోతే అన్నీ నీయే గదా, అప్పుడు చేపించుకో" అన్నాడొకసారి. ఓదార్చడానికే అన్నాడు, అదే ఘోరం.

దినాలు కాగానే తమ్ముడు హైదరాబాదు నుంచి పాత గడియారాల వ్యాపారిని పిలిపించాడు. వసారాలో చాప మీద అన్నీ పరిచారు. చిన్నమ్మ గడప లోపల కూర్చుని చూస్తోంది. వ్యాపారి ఒకటి తీసి, భూతద్దం పెట్టి, "బాగుంది" అన్నాడు. వెనక్కి తిప్పాడు. మొహం మాడిపోయింది.

"ఎవరు సార్, ఈ పని చేసింది?"

వెనకవైపు చుక్కలు చుక్కలుగా తెలుగక్షరాలు. చిన్నాయన ఇంటిపేరు, పేరు, మార్కాపురం. ఒక్కదాని మీద కాదు, అన్నిటి మీదా! స్టీలు సామాన్ల అంగట్లో చెంబుల మీద పేర్లు కొట్టే మిషనుతో కొట్టించాడు. మా ఇళ్లలో పేరు లేని గిన్నె ఎవరింటి పెళ్లికో పోతే తిరిగి రాదు. ఆయన లెక్కలో గడియారమూ గిన్నే. రేపు ఏ చుట్టమూ ఇది నాదనకూడదు.

"ఎవరూ తాకకుండా ఉంటేనే సార్ వీటికి రేటు. చెరిపిస్తే ఇంకా పోతుంది. సగం కూడా రాదు" అన్నాడు వ్యాపారి.

నాకు పగలబడి నవ్వొచ్చింది. గాలి సోకనివ్వకుండా కాపాడిన సొమ్మును తన పేరుతోనే పొడిచిపెట్టాడు మహానుభావుడు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వ్యాపారి ఒక్కదానికి చెప్పిన ధర తక్కువే గాని గుంటూరు ఆపరేషనుకు సరిపోతుంది. "ఇచ్చెయ్‌రా" అంది చిన్నమ్మ లోపలినుంచి.

తమ్ముడు గడియారాన్నే చూస్తున్నాడు. "ఇంత నష్టానికా? మద్రాసులో ఇంకొకాయన ఉండాడంట. కొన్నాళ్లు ఓర్చుకోమ్మా."

గొంతు కూడా తండ్రిదే. నేను నోరు తెరిచాను. చిన్నమ్మ చెయ్యెత్తి ఆపింది. "నీ ఉపన్యాసం తర్వాత నాయనా."

అరచేతులు ఆనించి గడప దాటింది. చాప దగ్గరికొచ్చి, అన్నిట్లోకి బరువైనదాన్ని ఏరి, దినాల్లో గాజులు తీయించిన చేతికి తొడుక్కుంది.

"అమ్మా! గీతలు పడతాయమ్మా!"

"పడనీ. గుంటూరు పోయిందాకా తియ్యను. ఎంత నష్టమైతాదో కూసోని చూస్కో."

వెనక్కి తిరిగి వంటింటి వైపు బయల్దేరింది. చెయ్యి ఆనించినప్పుడల్లా గడియారం నాపబండ మీద గీరుకుంటోంది. ప్రతి గీతకూ తమ్ముడు కళ్లు మూసుకుంటున్నాడు. వంటింటికి ఎదురుగానే దారి ఉంది. ఆమె మాత్రం గోడ వెంబడి, వసారా అంతా చుట్టి, ఏ తొందరా లేకుండా పోతోంది.