మూడో వంతైపోయిన తాతయ్య పాట

మా భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చిన ఆ తొలినాళ్లలో, ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు చేసిన ఆడపిల్లకు తెలియనిదేదీ ఉండదని మా సెక్టర్ 2 వాళ్లంతా నమ్మేవారు. (అందరికన్నా ముందు నమ్మింది నేనే.) ఆ ధీమాతోనే ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పనికి చేరాను. యజమానిని భయ్యా అనేవాళ్లం. భిలాయిలోనే పుట్టిన తెలుగువాడు, మాటలో సగం హిందీయే.

ఒక వారం మా చర్చివాళ్లవి రెండు రికార్డింగులు చేశాం. ఒకటి కుర్రాళ్ల బ్యాండు: డ్రమ్ములు, గిటార్లు, కిటికీలు అదిరే కేకలు. రెండోది మరోదా బస్తీలో ఉండే ఒక తాతయ్యది. ఉక్కు ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. గొంతులో గడ్డ, సోమవారం రాయ్‌పూర్‌లో ఆపరేషన్. ఆ తర్వాత గొంతు మిగులుతుందో లేదో డాక్టర్లు చెప్పలేదు. అందుకే వాద్యాలేవీ లేకుండా, మెల్లగా, అరగంటసేపు కీర్తనలు పాడి వెళ్లారు. బ్యాండుదీ అరగంటే. నాణ్యత ఏమాత్రం పోకుండా ఫైలును కుదించే కొత్త ప్రోగ్రామొకటి తెచ్చి, రెండూ అందులో వెయ్యమని చెప్పి భయ్యా దుర్గ్ వెళ్లాడు.

వేశాను. బ్యాండు ఫైలు కాస్తే తగ్గింది. తాతయ్యది మూడో వంతుకు పడిపోయింది! మిగతా రెండు వంతుల పాట ఏమైంది? విన్నాను, చరణాలన్నీ ఉన్నాయి. మళ్లీ విన్నాను, ఏదో తక్కువైనట్టే ఉంది. (భయంతో వింటే ఏదైనా తక్కువగానే వినిపిస్తుంది.) పోనీ అసలు ఫైలు చూద్దామంటే, చోటు చాలదని అప్పటికే తుడిచేశాను. సైకిలెక్కి మరోదా వెళ్లి, ఏడుస్తూ చెప్పేశాను.

"ఏటమ్మా? నాను అన్నీ పాడీసినాను గదా?"

"పాడారు తాతయ్యా. చిన్నగా పాడినందుకేమో, కంప్యూటర్లో పోయింది."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. "సోమారం దాకా గొంతు నాదే. పద, మల్లీ పాడీసొద్దాం."

ఈసారి చర్చివాళ్లెవరూ లేరు కదా అని, కీర్తనలయ్యాక శ్రీకాకుళంలో వాళ్లమ్మ పాడిన నాట్ల పాట కూడా అందుకున్నారు. ఫైలు మళ్లీ మూడో వంతే! ఏమీ తోచక సౌండు పెంచి మళ్లీ కుదించాను. సైజు పెరిగింది. "దొరికింది తాతయ్యా, కొంచెం దొరికింది!" అని నేను గంతులేస్తుండగా భయ్యా వచ్చాడు.

కథంతా విని కుర్చీలో కూలబడి నవ్వాడు. "అరే పగ్లీ, పిచ్చిపిల్లా! ఒక్క గొంతు, అదీ ధీమీ ఆవాజ్, మెల్లగా. తర్వాత ఏం వస్తుందో ప్రోగ్రామ్‌కి అందాజా దొరుకుద్ది, తక్కువలో రాసేసుకుంటది. ఆ బ్యాండ్‌లో అంతా షోరే, ఒకటే గోల, అందాజా ఎక్కడ? నువ్వు సౌండు పెంచితే రాసుకునేది పెరిగింది, పాట కాదు." అని, మొదటి ఫైలును మళ్లీ విప్పి చూపించాడు. రికార్డు చేసిన రోజు ఎంత ఉందో సరిగ్గా అంతే!

"అయితే నా పాట ఏటీ పోలేదా?" అన్నారు తాతయ్య. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆయన మాత్రం, "పోన్లేమ్మా, రెండోపాలి పాడబట్టే మాయమ్మ పాట గురుతొచ్చినాది," అన్నారు.

ఆపరేషన్ తర్వాత ఆయనకు గుసగుస మాత్రమే మిగిలింది. ఇంట్లోవాళ్లు ఎక్కువగా వినేది ఆ రెండో రికార్డింగే. నాట్ల పాట మధ్యలో ఒక పిల్ల, "గట్టిగా తాతయ్యా, చిన్నగా పాడితే పోతోంది!" అని కంగారుగా అరవడం వినిపిస్తుంది. ఆ పిల్లకు ఏమీ తెలియదు. అయినా ఇప్పటి నేను ఏ పెద్దమనిషినీ అంత చనువుగా గట్టిగా పాడమని అడగలేను.